విమానం రెక్కల మీది దుమ్ము

మా పెద్దమ్మ కొడుకు విమానాలు కడిగే పనిలో చేరి ఎనిమిది నెలలైంది. మొన్నటి ఎండాకాలం పెద్దమ్మ ఫోన్ చేసి, "విమానాలకు పైనుంచి రేడియేషన్ దుమ్ము అంటుతదంట గద బిడ్డా! నువ్వు సైన్సు చదువుతున్నవ్. అన్నను నౌకరి బంద్ చెయ్యమందునా?" అనడిగింది. పంట మీద వచ్చేది అప్పులకే పోయే ఇంట్లో ఆ జీతమే ఆధారం. "తెల్సుకొని చెప్త" అన్నాను. నారాయణగూడలో క్లాసులయ్యాక వారం రోజులు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచాను. (పోటీ పరీక్షల మిత్రుల నడుమ కుర్చీ దొరకడం వేరే కథ!)

ఆమె విన్నది అబద్ధం కాదు. విశ్వకిరణాలు గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కేంద్రకాలను పగలగొట్టినపుడు బెరీలియం-7 అనే రేడియోధార్మిక పదార్థం పుడుతుంది. ఇందులో ఎక్కువ భాగం స్ట్రాటోస్ఫియరులోనే తయారవుతుంది. అది సన్నటి ధూళికి అతుక్కొని తేలుతూ, ఎదురొచ్చిన విమానం ముక్కుకు, రెక్కల అంచులకు అంటుకుంటుంది. 1984లో అంతరిక్షంలో వదిలి 1990లో షటిల్‌లో దించిన ఎల్.డి.ఇ.ఎఫ్. ఉపగ్రహానికి సైతం, ముందుకు తిరిగి ఉన్న వైపున ఈ బెరీలియమే అంటి కనిపించింది! అయితే ఇది బహు స్వల్పం. పైగా 53 రోజులకు సగమైపోతుంది.

బాంబు దుమ్ము సంగతి వేరు. 1949 ఆగస్టు 29న రష్యా పేల్చిన అణుబాంబు ఆనవాళ్లను సెప్టెంబరు 3న అమెరికా విమానం వడపోత కాగితంతో గాలిలో పట్టింది. వాతావరణంలో అటువంటి పేలుళ్లు 1980తో ఆగాయి.

మరి మన నెత్తిమీది సంగతి? విశ్వకిరణాల కోసం టాటా సంస్థ శాస్త్రజ్ఞులు హైదరాబాదు నుంచే బెలూన్లు ఎగరేశారు. ఇక్కడ భూమి అయస్కాంత శక్తి తక్కువ శక్తిగల కిరణాలను వెనక్కి మళ్లిస్తుంది. కాబట్టి ధ్రువాల మీదికన్నా మనమీద ఆ కిరణాలు తక్కువే. ఆ సంస్థకే చెందిన దేవేంద్ర లాల్ మొదలైనవారు 1950లలోనే వాననీటిలో బెరీలియం-7ను పట్టుకున్నారు.

ఈ వాననీటి మాట చదివాకే నాకు జవాబు దొరికింది. అశోక్‌నగర్ గదిలో తొలకరి చప్పుడు వింటూ ఫోన్ చేశాను. "పెద్దమ్మా, అన్న కడిగే దుమ్మే వానతోని మన గోంగూర మడి మీద పడుతది. తాతల కాలం నుంచీ పడుతనే ఉన్నది."

కాసేపు మాట్లాడలేదు. "అయితే గోంగూర తినొచ్చునా?" అంది.

"తినొచ్చు. అన్న నౌకరి చెయ్యొచ్చు."

తర్వాత అన్నతో మాట్లాడాను. వాడికి దుమ్ము భయం లేనేలేదు. సబ్బుమందుకు చేతులు మండుతయట, తడి రెక్క మీద కాలు జారుతదట. గ్లౌజులు, నడుముకు తాడు లేకుండా ఎక్కొద్దని గట్టిగా చెప్పాను.