పాత కారుకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: ముందు కొలత, తర్వాతే బిగింపు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లను ఇప్పటికీ అపురూపంగా చూసుకునేవారు మన దేశంలో ఉన్నారు. డిస్ట్రిబ్యూటర్‌లోని ‘పాయింట్లు’ అరిగి, కారు స్టార్ట్ కాక మొరాయించడం వారికి అనుభవమే. వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ సెన్సర్‌ను అమర్చుకోవచ్చు. అయితే అది ఒక భాగం తీసి మరొకటి పెట్టినంత తేలిక కాదు. నిప్పురవ్వ ఏ క్షణంలో పుట్టాలనే లెక్క తప్పితే పిస్టన్లకే ముప్పు.

పాయింట్లు ఏం చేస్తాయి?

ఇగ్నిషన్ కాయిల్‌లో రెండు తీగచుట్టలుంటాయి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు మొదటి చుట్టలో విద్యుత్తు ప్రవహించి, అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని క్యామ్ వాటిని విడదీయగానే ప్రవాహం ఆగి, ఆ క్షేత్రం ఒక్కసారిగా పడిపోతుంది. దాంతో రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి, స్పార్క్ ప్లగ్ దగ్గర నిప్పురవ్వ వస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే, పాయింట్లు సెకనుకు 100 సార్లు విడిపోవాలి. క్యామ్‌ను రాసుకునే ముక్క అరిగేకొద్దీ పాయింట్ల మధ్య సందు తగ్గుతుంది. అవి ఆలస్యంగా విడిపోతాయి, రవ్వ ఆలస్యమవుతుంది, ఇంజిన్ శక్తి తగ్గుతుంది.

మొదటి మెట్టు: హాల్ సెన్సర్

విద్యుత్తు ప్రవహిస్తున్న లోహపు రేకును అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, దాని అడ్డంగా చిన్న వోల్టేజి ఏర్పడుతుందని ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్నారు. ఇదే సూత్రంపై పనిచేసే సెన్సర్‌ను డిస్ట్రిబ్యూటర్‌లో బిగించి, తిరిగే కడ్డీకి అయస్కాంతాల వలయాన్ని తొడుగుతారు. అయస్కాంతం ఎదురైనప్పుడల్లా సెన్సర్ సంకేతమిస్తుంది; కాయిల్ ప్రవాహాన్ని ట్రాన్సిస్టర్ ఆపుతుంది. ఒరిపిడి లేదు కాబట్టి అరుగుదలా లేదు.

బిగించే ముందు కాయిల్ నిరోధం కొలవాలి. 12 వోల్టుల దగ్గర 3 ఓమ్‌ల కాయిల్ 4 ఆంపియర్లు తీసుకుంటుంది, 1.5 ఓమ్‌లదైతే 8 ఆంపియర్లు. అంత ప్రవాహాన్ని తట్టుకోలేని మాడ్యూల్ కాలిపోతుంది. కొన్ని పాత కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపేవారు. అదీ ముందే చూసుకోవాలి.

రెండో మెట్టు: క్రాంక్ సెన్సర్

వేగం పెరిగితే రవ్వ ముందుగా రావాలి. పాత డిస్ట్రిబ్యూటర్‌లో ఆ పని స్ప్రింగులకు కట్టిన చిన్న బరువులది. ఇంజిన్‌పై భారాన్ని బట్టి సర్దేది వ్యాక్యూమ్ డయాఫ్రమ్. హాల్ సెన్సర్ పెట్టినా ఇవి అలాగే ఉంటాయి. స్ప్రింగులు సాగితే తప్పూ అలాగే ఉంటుంది.

వీటినీ మార్చాలంటే క్రాంక్‌షాఫ్ట్ పుల్లీకి పళ్ల చక్రం బిగిస్తారు. 36 పళ్లకు చోటున్న చక్రంలో ఒక్కో పన్ను 10 డిగ్రీలకు గుర్తు. ఒక పన్ను కావాలనే వదిలేస్తారు. ఆ ఖాళీ నుంచే కంప్యూటర్ లెక్క మొదలుపెడుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని పీడనాన్ని మరో సెన్సర్ చెబుతుంది. వేగం, పీడనం చూసి, ఎంత ముందుగా రవ్వ రావాలో కంప్యూటర్ పట్టిక నుంచి ఎంచుకుంటుంది.

అసలు పరీక్ష

3,000 వేగంలో క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అంటే ఒక్క డిగ్రీకి దాదాపు 55 మైక్రోసెకన్లే. కంప్యూటర్ ఆ కాలాన్ని చక్కగా కొలవగలదు. కానీ పళ్ల చక్రాన్ని 10 డిగ్రీలు తేడాగా బిగించారేమో దానికి తెలియదు. 25 డిగ్రీలు అనుకుని 35 దగ్గర రవ్వ పుట్టించవచ్చు. అప్పుడు మంట ఇంకా చేరని ఇంధన మిశ్రమం తనంతట తానే పేలి, ‘నాకింగ్’ మొదలవుతుంది. అది కొనసాగితే పిస్టన్ పాడవుతుంది.

అందుకే మొదటి సిలిండర్ పిస్టన్ నిజంగా పైఅంచుకు చేరినప్పుడే పుల్లీ గుర్తు సున్నా దగ్గర ఉందో లేదో ముందు సరిచూడాలి. తర్వాత కంప్యూటర్‌లో టైమింగ్‌ను 10 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచి, టైమింగ్ లైట్ వేసి చూడాలి. గుర్తు 10 దగ్గరే కనిపించాలి. వేగం పెంచినా కదలకూడదు. ఈ రెండూ కుదిరాకే పట్టికను వాడి కారును రోడ్డెక్కించాలి.