జర్నల్‌ అంకెకు ఉన్న హద్దులు



ఒక జర్నల్‌కు పరిశోధన లోకంలో ఎంత పలుకుబడి ఉందో చెప్పడానికి వాడే కొలతలన్నీ సైటేషన్ల లెక్క మీదే నిలబడ్డాయి. ఒక వ్యాసం తనకు ఆధారమైన పాత వ్యాసాలను చివర పేర్కొంటుంది. అలా పేర్కొన్న ప్రతిసారీ ఆ పాత వ్యాసం ఖాతాలో ఒక సైటేషన్‌ చేరుతుంది. ఒక జర్నల్‌ వ్యాసాలకు వచ్చిన సైటేషన్లను కూడి, వ్యాసాల సంఖ్యతో భాగిస్తే ఆ జర్నల్‌ సగటు తెలుస్తుంది. ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ ఇలాంటి సగటే.

ఈ లెక్క మొదట లైబ్రరీ అవసరం కోసం పుట్టింది. చిన్న కాలేజీ లైబ్రరీ ఉన్న కొద్ది డబ్బుతో ఏ కెమిస్ట్రీ జర్నళ్లు కొనాలన్న ప్రశ్నకు 1927లో అమెరికాలోని పొమోనా కాలేజీకి చెందిన పి.ఎల్‌.కె. గ్రాస్‌, ఇ.ఎం. గ్రాస్‌ ఒక దారి చూపారు. అమెరికన్‌ కెమికల్‌ సొసైటీ జర్నల్‌ 1926 సంపుటంలోని వ్యాసాలు ఏయే జర్నళ్లను ఎన్నిసార్లు పేర్కొన్నాయో వాళ్లు లెక్కగట్టారు. 1955లో యూజీన్‌ గార్‌ఫీల్డ్‌ ‘సైన్స్‌’ పత్రికలో సైటేషన్‌ సూచిక ఆలోచనను ప్రతిపాదించారు. అమెరికన్‌ లాయర్లు పాత తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో వెతుక్కోవడానికి 1873 నుంచీ వాడుతున్న షెపర్డ్‌ సూచికే ఆయనకు నమూనా. ఫిలడెల్ఫియాలో ఆయన స్థాపించిన సంస్థ 1964లో సైన్స్‌ సైటేషన్‌ ఇండెక్స్‌ను తెచ్చింది. అందులోకి జర్నళ్లను ఎంచుకోవడానికి మొత్తం సైటేషన్లను చూస్తే వేల వ్యాసాలు వేసే పెద్ద జర్నళ్లే పైన నిలుస్తాయి, చిన్నవైనా మంచివి మరుగున పడతాయి. అందుకే గార్‌ఫీల్డ్‌, ఆయన సహచరుడు ఇర్వింగ్‌ షెర్‌ కలిసి మొత్తాన్ని వ్యాసాల సంఖ్యతో భాగించారు. 1975 నుంచి ఈ అంకెలు జర్నల్‌ సైటేషన్‌ రిపోర్ట్స్‌ పేరుతో వెలువడుతున్నాయి. ఇప్పుడు వాటిని ఏటా జూన్‌లో విడుదల చేసేది క్లారివేట్‌ సంస్థ.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక జర్నల్‌ 2022లో 60, 2023లో 40 వ్యాసాలు వేసిందనుకుంటే, ఆ 100 వ్యాసాలకు 2024లో 250 సైటేషన్లు వస్తే దాని 2024 ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ 2.5. ఇందులో ఒక మెలిక ఉంది. కింద భాగించే సంఖ్యలోకి పరిశోధన వ్యాసాలూ సమీక్షా వ్యాసాలూ మాత్రమే వస్తాయి. సంపాదకీయాలు, లేఖలు రావు. కానీ ఆ సంపాదకీయాలను ఎవరైనా పేర్కొంటే ఆ సైటేషన్లు పైన ఉన్న మొత్తంలో కలుస్తాయి. చర్చకు దారితీసే సంపాదకీయాలు ఎక్కువగా వేసే జర్నల్‌కు ఇది అనుకోకుండా కలిసొచ్చే లాభం.

ఈ లెక్కలోని రెండేళ్ల గడువు అన్ని శాస్త్రాలకూ ఒకేలా సరిపోదు. కణజీవశాస్త్రంలో వ్యాసం వచ్చిన ఏడాది రెండేళ్లలోనే సైటేషన్లు వెల్లువెత్తుతాయి. గణితంలో ఒక సిద్ధాంతాన్ని చదివి, జీర్ణించుకొని, దాని మీద మరో వ్యాసం రాసి అచ్చు చూసేసరికే ఏళ్లు గడుస్తాయి. వ్యాసం చివరి జాబితా కూడా చిన్నది. గణితంలో శిఖరస్థాయిదైన ‘యానల్స్‌ ఆఫ్‌ మ్యాథమెటిక్స్‌’ ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ వైద్యంలోని ఎన్నో మామూలు జర్నళ్ల అంకెకు దగ్గరగానే ఉంటుంది. కాబట్టి ఒక శాస్త్రం జర్నల్‌ను మరో శాస్త్రం జర్నల్‌తో పోల్చడానికి ఈ అంకె పనికిరాదు. ఒకే విభాగంలో ఆ జర్నల్‌ స్థానం ఏమిటన్నదే కొంత అర్థవంతమైన ప్రశ్న. విభాగంలో పై నాలుగో వంతులో ఉన్నదాన్ని క్యూ1 అంటారు. రెండు విభాగాల్లో నమోదైన జర్నల్‌ ఒకచోట క్యూ1గా, మరోచోట క్యూ2గా ఉండడమూ మామూలే.

సగటుకు ఇంకా పెద్ద లోపం ఉంది. ఏ జర్నల్లోనైనా కొద్ది వ్యాసాలే ఎక్కువ సైటేషన్లు తెస్తాయి, మిగిలినవి ఆ సగటు కంటే కిందే ఉంటాయి. దీనికి పేరుపడ్డ ఉదాహరణ ‘యాక్టా క్రిస్టలోగ్రాఫికా’ ఎ విభాగం. స్ఫటికాల నిర్మాణాన్ని తేల్చే షెల్‌ఎక్స్‌ ప్రోగ్రాముల చరిత్రను వివరిస్తూ జార్జ్‌ షెల్డ్రిక్‌ 2008లో అందులో ఒక వ్యాసం రాశారు. ఆ ప్రోగ్రాములు వాడిన పరిశోధకులంతా దాన్నే పేర్కొనడం మొదలుపెట్టారు. 2008లో 2.051గా ఉన్న జర్నల్‌ ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ 2009లో 49.926కు ఎగసింది. ఆ వ్యాసం రెండేళ్ల గడువు దాటగానే మళ్లీ రెండు దగ్గరికి దిగింది. ఆ రెండేళ్లలో అదే జర్నల్లో అచ్చయిన మిగతా వ్యాసాల నాణ్యత పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

ఈ లోపాలను సరిదిద్దడానికి వేరే కొలతలు వచ్చాయి. వాషింగ్టన్‌ విశ్వవిద్యాలయంలో కార్ల్‌ బెర్గ్‌స్ట్రమ్‌, జెవిన్‌ వెస్ట్‌ రూపొందించిన ఐగెన్‌ఫ్యాక్టర్‌ ఐదేళ్ల సైటేషన్లు తీసుకుంటుంది, జర్నల్‌ తనను తాను పేర్కొన్నవాటిని వదిలేస్తుంది. స్పెయిన్‌కు చెందిన సిమాగో బృందం ఇచ్చే ఎస్‌జెఆర్‌లో పేరున్న జర్నల్‌ నుంచి వచ్చిన సైటేషన్‌కు బరువెక్కువ. లైడెన్‌లో హెంక్‌ మూడ్‌ ప్రతిపాదించిన స్నిప్‌ ఆ శాస్త్రంలో సైటేషన్లు ఎంత ధారాళంగా ఇస్తారో చూసి అంకెను సవరిస్తుంది. ఎల్సెవియర్‌ 2016లో తెచ్చిన సైట్‌స్కోర్‌ ఆ సంస్థ డేటాబేస్‌ అయిన స్కోపస్‌ సమాచారం మీద ఆధారపడుతుంది. ఇప్పుడది నాలుగేళ్ల గడువును వాడుతోంది. గూగుల్‌ స్కాలర్‌లోని హెచ్‌5 సూచిక 40 అంటే, గత ఐదేళ్లలో ఆ జర్నల్‌ వేసినవాటిలో 40 వ్యాసాలకు ఒక్కోదానికి కనీసం 40 సైటేషన్లు ఉన్నాయని అర్థం. ఇవి ఒకదానికొకటి పూరకాలు. అన్నీ ఒకే దిక్కు చూపితే జర్నల్‌ మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. ఒక్కటి మాత్రం విడిగా ఎగిరిపడితే కారణం వెతకాలి.

అంకెకు ఉద్యోగం, ప్రమోషన్‌, నిధులు ముడిపడినచోట దాన్ని పెంచే ఉపాయాలూ పుడతాయి. మా జర్నల్‌ వ్యాసాలను కూడా చేర్చితేనే అచ్చు వేస్తామని ఒత్తిడి చేసే సంపాదకులు ఉన్నారు. కొన్ని జర్నళ్లు జట్టుకట్టి ఒకదాన్నొకటి పేర్కొంటాయి. అలా చేసిన బ్రెజిల్‌ వైద్య జర్నళ్లకు 2013లో ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ ఇవ్వకుండా ఆపేశారు. ఇక ఏ లెక్కా లేకుండా డబ్బు తీసుకొని ఘనమైన పేర్లతో నకిలీ ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్లు అమ్మే వెబ్‌సైట్లు మరో రకం. జర్నల్‌ ముఖచిత్రం మీద అంకె కనిపించినంత మాత్రాన అది నిజం కాదు. క్లారివేట్‌ జాబితాలో స్వయంగా వెతికి చూసినప్పుడే నిర్ధారణ.

భారతదేశంలో ఈ అంకె నేరుగా జీవితాలను తాకుతుంది. అధ్యాపకుల నియామకం, ప్రమోషన్లకు సంబంధించిన యూజీసీ 2018 నిబంధనల్లో ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ లేని రెఫరీడ్‌ జర్నల్‌ వ్యాసానికి 5 అదనపు పాయింట్లు. ఒకటి కంటే తక్కువైతే 10, పది దాటితే 30. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఇచ్చే నాస్‌ రేటింగ్‌ వాడుకలో ఉంది. అది కూడా ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ ఉన్న జర్నల్‌కు దానికి 6 కలిపి, 20కి మించకుండా ఇస్తుంది. ఒకప్పుడు పరిశోధకులంతా చూసుకున్న యూజీసీ కేర్‌ జర్నళ్ల జాబితాను నిలిపివేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది. జర్నల్‌ను బేరీజు వేసే బాధ్యత విద్యాసంస్థల మీదా పరిశోధకుల మీదా పడింది. థీసిస్‌ సమర్పించే ముందు పేపర్‌ అచ్చవాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లోనే తీసేసింది. సొంత నిబంధన ఉన్న విశ్వవిద్యాలయాలు ఉంటాయి కాబట్టి తొందరపడి డబ్బు కట్టి పేపర్‌ వేయించుకునే ముందు తమ విశ్వవిద్యాలయం నియమం ఏమిటో చదువుకోవడం అవసరం.

తెలుగు సాహిత్యం, శాసనాలు, స్థానిక చరిత్ర మీద పనిచేసేవాళ్లకు ఈ కొలతలు దాదాపు అందవు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించిన ‘భారతి’లో వచ్చిన పరిశోధన వ్యాసాలను తెలుగు పండితులు దశాబ్దాలుగా ఉటంకిస్తున్నారు. తెలుగు పుస్తకాల అధోజ్ఞాపికల్లో ఉన్న ఆ ఉటంకింపులు ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ లెక్కకు ఎక్కవు. స్థానిక ప్రాధాన్యం గల పరిశోధనను కాపాడుకోవాలని 2015లో ‘నేచర్‌’లో వచ్చిన లైడెన్‌ మేనిఫెస్టో చెప్పడంలో అర్థం ఇదే.

జర్నల్‌ ఎంపికకు ఒక క్రమం పాటిస్తే చాలావరకు చిక్కులు రావు. తన వ్యాసం చివర ఏ జర్నళ్ల పేర్లు ఎక్కువగా ఉన్నాయో ముందు చూసుకోవాలి. ఆ వ్యాసాన్ని చదవాల్సినవాళ్లు అక్కడే ఉంటారు. ఆ జర్నల్‌ సంపాదకవర్గం ఎవరో, పీర్‌ రివ్యూ ఎలా జరుగుతుందో, ఇటీవలి సంచికల నాణ్యత ఏమిటో తర్వాత తెలుసుకోవాలి. సూచికల్లో నమోదు, రుసుము, అచ్చుకు పట్టే సమయం ఆ పైన. ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ను అన్నిటికంటే చివర, ఆ విభాగంలోని స్థానంతో కలిపి చూడాలి. వ్యక్తి ప్రతిభకు జర్నల్‌ అంకెను కొలబద్ద చేయరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన కోరింది. నియామక సంఘాలన్నీ దాన్ని పాటించేదాకా పాయింట్ల పట్టికను పట్టించుకోక తప్పదు. అయినా ఇంపాక్ట్‌ ఫ్యాక్టర్‌ జర్నల్‌ గురించే చెబుతుంది. అందులోని ఒక వ్యాసం విలువ తెలియాలంటే దాన్ని చదవడం ఒక్కటే మార్గం. చదివి తీర్పు చెప్పే అలవాటును ఈ తరం పరిశోధకులు వదులుకోకూడదు.