మంటల్లోంచి ముందు ఏది తేవాలి?

2004 సెప్టెంబర్ 2 రాత్రి జర్మనీలోని వైమార్ పట్టణంలో అన్నా అమాలియా గ్రంథాలయం పైభాగం అంటుకుంది. సిబ్బంది, ఊరి జనం వరుసగా నిలబడి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందిస్తూ వేల పుస్తకాలు బయటికి చేరవేశారు. 1534 నాటి లూథర్ బైబిల్ దక్కింది. 50 వేల సంపుటాలు మాత్రం బూడిదయ్యాయి. మరో 62 వేలు వేడికి, పొగకి, ఆర్పడానికి కొట్టిన నీళ్లకి పాడయ్యాయి.

ఇక అసలు పని మంట ఆరాక మొదలైంది. తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. వేల పుస్తకాలను ఆలోపు ఆరబెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే వాటిని లైప్‌జిగ్‌కు తరలించి గడ్డకట్టించారు. అలా చేస్తే బూజు ఆగుతుంది, తొందర పోతుంది. తర్వాత ఫ్రీజ్ డ్రయింగ్ యంత్రాల్లో, మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరిగా లాగేశారు. మరమ్మతులు ఏళ్ల తరబడి సాగాయి.

మంటలార్పే మనిషికి సిరా సంగతి తెలియదు, సిరా సంగతి తెలిసిన మనిషికి హోస్ పైపు సంగతి తెలియదు. రెండూ తెలిసినవాళ్లు చాలా తక్కువ. మ్యూజియాలు, కోటలు, పాత గ్రంథాలయాలకు అగ్నిప్రమాద ప్రణాళిక రాయడం, ప్రమాదం జరిగితే వస్తువుల్ని కాపాడటం వాళ్ల పని. మన దగ్గర ఈ పనికంటూ విడిగా నోటిఫికేషన్ పడుతుందని ఎదురుచూడొద్దు. అగ్నిమాపక శాఖలోనో, మ్యూజియంలోనో, కన్సర్వేషన్ ల్యాబ్‌లోనో చేరి, అవతలి విద్య కూడా నేర్చుకుని ఈ పనిలోకి రావాలి.

రోజువారీ పని ఎలా ఉంటుందో చెప్పాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంనే ఊహించుకోండి. అక్కడ అందరూ ముందు వెతికేది 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్ నుంచి తెప్పించిన ‘ముసుగు రెబెకా’ విగ్రహాన్ని. మరి మంటల్లోంచి ముందు తేవాల్సింది కూడా దాన్నేనా? చలువరాతి విగ్రహాన్ని పొగలో ఇద్దరు మనుషులు ఎత్తలేరు. వాళ్లే అదే సమయంలో చేతిరాత ప్రతులున్న పెట్టెలు ఎన్నో మోసుకురాగలరు. కాబట్టి రాయిని ఉన్నచోటే కప్పి, కాగితాన్ని కదిలించాలని ఎవరైనా వాదించవచ్చు. కాదని ఇంకొకరు వాదించవచ్చు. ఆ వాదన ముందే, ఏసీ గదిలో కూర్చుని తెగాలి. తెగాక ఒక్కో వస్తువుకీ ఒక్కో షీటు తయారవుతుంది: ఫొటో, ఏ గదిలో ఏ గోడకి ఉంది, బరువెంత, ఎంతమంది కావాలి, గోడ నుంచి విప్పడానికి ఏ పనిముట్టు కావాలి. తడవకుండా లామినేట్ చేయించి, సీలు వేసిన పెట్టెలో పెడతారు. ఎందుకంటే అది దొంగలకీ మంచి జాబితాయే!

వదిలేయాల్సినవాటిని తేల్చుకోవడమే ఇందులో కష్టం. 2019 ఏప్రిల్ 15న పారిస్ నోత్రదామ్ చర్చి కాలుతుంటే ముళ్ల కిరీటం లాంటి పవిత్ర వస్తువుల్ని ముందు బయటికి తెచ్చారు. గోడల మీది భారీ చిత్రాలను అక్కడే ఉంచి, తర్వాత దించారు.

పరికరాల విషయంలో ఫ్యాక్టరీ సేఫ్టీ చదువు చాలదు. ఫ్యాక్టరీల్లో విరివిగా వాడే పొడి రకం ఎక్స్‌టింగ్విషర్‌ను మ్యూజియంలో కొడితే, ఆ పొడి వర్ణచిత్రాలకు అంటుకుంటుంది, లోహాన్ని తినేస్తుంది. పోనీ వాయువుతో ఆర్పే వ్యవస్థ పెడదామంటే గది బిగుతుగా ఉండాలి. కిటికీలు సరిగా మూసుకోని పాత దేవిడీలో ఆ వాయువు నిలవదు. పైగా పాత కట్టడాలకు మరమ్మతుల కాలమే గండం. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ 2014లో కాలింది. బాగుచేస్తుండగానే 2018లో మళ్లీ కాలింది. అందుకే వెల్డింగ్ చేయడానికి వచ్చినవాడికి అనుమతి చీటీ ఇవ్వడం, పని ముగిశాక కూడా అక్కడ కాపలా పెట్టడం ఈ ఉద్యోగంలో పెద్ద భాగం. పని చేసినంత కాలం పెద్ద మంట చూడకుండా రిటైరవగలిగితే పని బాగా చేసినట్టే. సాహసాల కోసం వచ్చేవాళ్లకు విసుగు పుడుతుంది.

మన దేశంలో అవసరం లేదా అంటే, 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలిపోయింది. 2022 సంక్రాంతి రోజుల్లో సికింద్రాబాద్ క్లబ్ వారసత్వ భవనం దగ్ధమైంది. మ్యూజియాల కోసం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని గదిగదికీ అన్వయించి రాసే మనుషులు కావాలి.

అగ్నిమాపక దారిలో వెళ్లాలనుకుంటే నాగ్‌పూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీని మొదట చూడండి. అక్కడ ఫైర్ ఇంజినీరింగ్‌లో డిగ్రీ ఉంది, సబ్ ఆఫీసర్ కోర్సు ఉంది. వీధికొకటి కనిపించే ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ డిప్లొమాలకు డబ్బు కట్టేముందు వాటికి ఎవరి గుర్తింపు ఉందో అడగండి. కెమిస్ట్రీ డిగ్రీ ఉన్నవాళ్లకు కన్సర్వేషన్ దారి నప్పుతుంది, నా ఓటు దీనికే. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో పీజీ చేయవచ్చు, లక్నోలోని జాతీయ పరిరక్షణ ప్రయోగశాలలో శిక్షణ పొందవచ్చు. పురావస్తు సర్వేక్షణ సంస్థ సైన్స్ విభాగం కూడా రసాయన శాస్త్ర పట్టభద్రుల్ని తీసుకుంటుంది. చరిత్ర చదివినవాళ్లకు బరోడా, బనారస్ విశ్వవిద్యాలయాల్లో మ్యూజియాలజీ ఉంది. రోమ్‌లోని ఇక్రోమ్ సంస్థ వారసత్వ సంపదకు ప్రథమ చికిత్స మీద కోర్సు నడుపుతుంది. అనుభవం ఉన్నవాళ్లకే అది అక్కరకొస్తుంది కాబట్టి కొన్నేళ్లు పనిచేశాక ఆలోచించండి. ప్రైవేటులో ప్యాలెస్ హోటళ్లు, బీమా సర్వేయర్లు, కన్సల్టెన్సీలు ఉన్నాయి. జీతం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

డిగ్రీలో ఉన్నవాళ్లు ఇంటర్న్‌షిప్‌కు దగ్గర్లోని జిల్లా పురావస్తు మ్యూజియాన్ని అడగండి. ఒక్క గ్యాలరీకి, ఓ 10 వస్తువులకు షీట్లు రాసిపెడతామని చెప్పండి. వాటిని స్థానిక ఫైర్ స్టేషన్ ఆఫీసర్‌కు చూపించి, చీకట్లో టార్చి వెలుగులో ఆ అక్షరాలు చదవగలరేమో అడగండి. ఇంటర్వ్యూకు తీసుకెళ్లడానికి సర్టిఫికెట్ కన్నా ఆ ఫైలే ఎక్కువ పనికొస్తుంది.