ముందు పూర్వపక్షం

వాదించేవాళ్లకు మన దగ్గర లోటు లేదు. టీ కొట్టు దగ్గర, ఆఫీసు మీటింగుల్లో, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి వాదిస్తూనే ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇంత అనుభవంతో వాళ్ల వాదన పదును తేరిందా అంటే, గొంతు పెరిగింది తప్ప తాము పట్టిన కుందేలుకు ఇప్పటికీ మూడే కాళ్లు. చేయగా చేయగా అదే వస్తుందన్న మాట ఈ విద్య దగ్గర చెల్లదు.

ఎందుకు చెల్లదో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ పరిశోధన చూస్తే అర్థమవుతుంది. 1993లో సహచరులతో కలిసి బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల గురించి రాసిన పత్రంలో ఆయన ఊరికే వాయిస్తూ ఉండడాన్నీ, పట్టుబట్టి చేసే సాధననూ వేరు చేశాడు. సాధనంటే తనకు రాని ముక్కను విడదీసి, దాన్నే పట్టుకుని, తప్పు పడ్డ వెంటనే తెలుసుకుని, దిద్దుకుని మళ్లీ చేయడం. మన వాదనల్లో ఆ తప్పు తెలిసే ఏర్పాటే లేదు. వాదించేదీ మనమే, గెలిచామని తీర్పిచ్చుకునేదీ మనమే.

ఆ ఏర్పాటు పక్కాగా ఉన్న చోటు కర్ణాటకలోని బైలకుప్పె. అక్కడి సెరా మఠంలో టిబెటన్ భిక్షువులు ప్రాంగణంలో జతలు జతలుగా వాదించుకుంటారు. జవాబు చెప్పేవాడు కింద కూర్చుంటాడు. అడిగేవాడు నిలబడి, ప్రశ్న ముగిస్తూనే కాలు నేలకు తాటించి, చప్పట్లు చరుస్తాడు. చూడ్డానికి తగవులాగే ఉంటుంది. కానీ కూర్చున్నవాడికి ఉపన్యాసం దంచే వీల్లేదు. అతనికి ఉన్న జవాబులు కొన్నే: ఒప్పుకుంటున్నాను, ఎందుకు, నువ్వు చూపిన హేతువే నిలవదు, హేతువు సరే గానీ దాన్నుంచి నువ్వన్నది తేలదు. ఇందాక ఒప్పుకున్నదానికి విరుద్ధంగా మాట్లాడితే అక్కడికక్కడే దొరికిపోతాడు. పదిహేనేళ్లకు పైగా సాగే చదువులో ఇది రోజువారీ పని.

ఆ చివరి రెండు జవాబుల మధ్య తేడా చూడండి. మన ఇళ్లలో చాలా మాటలు అక్కడే తెగిపోతాయి. "మావాడు ఇంగ్లీషు మీడియంలో చదివాడు, ఉద్యోగం వచ్చింది. కాబట్టి అదే మంచిది" అంటాడు బాబాయి. మనం వెంటనే "అదంతా ఉత్తిదే" అనేస్తాం. చదివిన మాట నిజం, ఉద్యోగమూ నిజం. నిలవనిది మధ్యలో ఉన్న 'కాబట్టి' ఒక్కటే. "నిజమే బాబాయ్, కానీ అదే మీడియంలో చదివి ఖాళీగా ఉన్నవాళ్లు లేరంటారా?" అని అడిగితే ఆయన కాసేపు ఆలోచిస్తాడు. ఉత్తిదే అంటే మాత్రం కొడుకు ఉద్యోగాన్నే కాదన్నట్టు వినిపిస్తుంది ఆయనకు.

ఈ పద్ధతి వేళ్లు మన దేశంలోనే ఉన్నాయి. ఇలాంటి మఠాల్లో చదివే ముఖ్య గ్రంథాల్లో బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి రాసిన ప్రమాణవార్తికం ఒకటి. అంతకు ముందే నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో మొదటి 20 కారికలూ తన మీద వచ్చే ఆక్షేపణలకే, అంటే పూర్వపక్షానికే, ఇచ్చాడు. వాటిలో మొదటిదే గట్టిది: నువ్వన్నట్టు అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే కదా, అది దేన్ని ఖండించగలదు? ఆయన జవాబు ఆ 20 అయ్యాకే మొదలవుతుంది. ప్రత్యర్థి చేతికి ఇంత పదునైన ప్రశ్న తానే అందించడానికి ధైర్యం కంటే సాధనే ఎక్కువ కావాలని నాకనిపిస్తుంది.

ఇంట్లో మొదలుపెట్టడానికీ ఈ పూర్వపక్షమే సరైన ముక్క. నియమం ఒకటే. అవతలివాళ్ల వాదన ముందు మన నోటితో చెప్పాలి. వాళ్లు "అవును, నేనన్నది అదే" అనేదాకా మన మాట ఎత్తకూడదు. మొదట్లో చాలాసార్లు "నేనన్నది అది కాదు" అన్న జవాబే వస్తుంది. విసుక్కోకండి, ఇన్నాళ్లూ మనకు అందనిది ఆ జవాబే. మనిషి దొరకని రోజున మీకు బొత్తిగా గిట్టని సంపాదకీయం ఒకటి చదివి, పేపరు మడిచి పక్కన పెట్టి, దాని వాదనను నాలుగు వాక్యాల్లో రాసి పోల్చుకోండి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో స్పెక్టేటర్ పత్రిక వ్యాసాలతో ఇలాంటి పనే చేశాడు, కాకపోతే ఆయన తాపత్రయం శైలి కోసం. మీ నాలుగు వాక్యాల్లో వెటకారం దొర్లిందా, ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాయాలి.

అయితే సాధన ఎక్కడ చేస్తే అక్కడే పట్టు వస్తుంది. ఎరిక్సన్ బృందం 1980లో ప్రచురించిన ప్రయోగంలో ఒక విద్యార్థి ఏడు అంకెల దగ్గర మొదలై, దాదాపు 20 నెలల సాధనతో 79 అంకెలు విన్నవి విన్నట్టు అప్పజెప్పాడు. అంకెల బదులు అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచినవాళ్లు అన్నదమ్ముల పంపకాల దగ్గర నోరు జారడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పోటీలో జడ్జి మార్కులేస్తే చాలు, ఎదుటివాడు "అదే నేనన్నది" అననక్కర్లేదు. కాబట్టి మీకు నిజంగా ఎదురయ్యే విషయాల మీదే సాధన చేయండి: అమ్మాయి పైచదువు, ఆఫీసులో పని పంపకం, పొలం కౌలు. వాటిలోనూ మనసు మరీ మండనివి ముందు పట్టుకోండి. గట్టు తగాదా ఇంకో ఆరు నెలలు ఆగినా కొంప మునగదు.