తగవు ఏ కోర్టుకు పోవలెను?
విశాఖపట్నం జిల్లా న్యాయస్థానముల చరిత్ర, నిర్మాణము

గ్రామమున తగవు పుట్టినపుడు జనులు మొట్టమొదట వచ్చునది పంచాయతీ సభ్యుని వాకిటికే. గట్టు తగవైనను, బాకీ తగవైనను, వలల తగవైనను "ఇపుడేమి చేయవలెను? ఎక్కడికి పోవలెను?" అని అడుగుదురు. సరియైన దారి చూపగల సభ్యుడు ఆ కుటుంబమునకు ఎంతో కాలమును, ధనమును మిగిల్చినవాడగును. తప్పుదారి చూపినచో న్యాయమైన హక్కు సహితము కాలదోషము పట్టి చేజారిపోవును. అందుచేత ఏ న్యాయస్థానము ఎట్లేర్పడినదో, దేనికి ఏ అధికారము కలదో సభ్యులు తెలిసికొనుట అవసరము.

విశాఖ సముద్రతీరమున, నేడు నగరములో కలిసియున్న జాలరిపేట వంటి మత్స్యకారుల పేటలను ఉదాహరణముగా తీసికొందము. 2022లో రింగువలల వినియోగమును గూర్చి విశాఖ తీరమునందలి మత్స్యకారుల మధ్య వివాదము ముదిరి, పడవలకు నిప్పు పెట్టుటవరకు పోయినది. ఇట్టి ఒక్క తగవులో మూడు వేర్వేరు ప్రశ్నలు ఇమిడియుండును. ఆ వల వేయవచ్చునా, వేయరాదా అనునది మొదటిది. పడవ తగులబెట్టినవారికి శిక్ష ఏమి అనునది రెండవది. పడవ పోయినవానికి నష్టపరిహారము ఎట్లు అనునది మూడవది. ఈ మూడింటికిని వేర్వేరు ద్వారములు కలవు. అవి యేవో తెలియుటకు ముందు కొంత చరిత్రను చూడవలెను.

కంపెనీ కాలము

1765, 1766 సంవత్సరములలో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైనవి. 1802లో మద్రాసు ప్రభుత్వము రెగ్యులేషనులను చేసి జిల్లా కోర్టులను ఏర్పరచినది. వాటిపై నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులుండెడివి. ఉత్తర సర్కారులకు చెందిన ప్రొవిన్షియల్ కోర్టు మచిలీపట్నమున ఉండెను. విశాఖ ప్రాంతపు రైతు అప్పీలు చేసికొనవలెనన్న గోదావరిని దాటి అంతదూరము పోవలసివచ్చెడిది.

1816లో సర్ థామస్ మన్రో సూచనల ఫలితముగా న్యాయము కొంతవరకు గ్రామమునకు దిగివచ్చినది. ఆ సంవత్సరపు రెగ్యులేషనులు గ్రామ మునసబునకు చిన్న బాకీల దావాలు విచారించు అధికారమిచ్చినవి. గ్రామ పంచాయతీలకును, జిల్లా మునసబులకును చోటు కల్పించినవి. అయితే అదే సంవత్సరమున మేజిస్ట్రేటు అధికారము జడ్జి చేతినుండి కలెక్టరు చేతికి పోయినది. శిస్తు వసూలుచేయు అధికారియే నేరములను విచారించు ఈ పద్ధతిపై తరువాత ఎన్నో దశాబ్దములు విమర్శలు చెలరేగినవి.

1843లో ప్రొవిన్షియల్ కోర్టులు రద్దయి, జిల్లాలలోనే సివిల్, సెషన్సు కోర్టులు ఏర్పడినవి. 1862లో మద్రాసు హైకోర్టు నెలకొన్నది. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టముతో జిల్లా జడ్జి, సబు జడ్జి, జిల్లా మునసబు అను మూడు అంతస్తులు స్థిరపడినవి. నేటి మన సివిల్ కోర్టుల కట్టడమునకు పునాది ఇదియే. గ్రామ మునసబు కోర్టులకు 1888లో ప్రత్యేక చట్టము వచ్చినది. 1984 జనవరిలో రాష్ట్రప్రభుత్వము వంశపారంపర్య గ్రామాధికారుల ఉద్యోగములను రద్దుచేయుటతో గ్రామ మునసబు పదవియు అంతరించినది.

మన్యమున వేరు పద్ధతి

విశాఖ జిల్లాకు మరియొక ప్రత్యేకత కలదు. కొండ ప్రాంతములలో తిరుగుబాట్లు చెలరేగిన పిదప, 1839లో గంజాము, విశాఖపట్నముల చట్టమును చేసి, ఆ ప్రాంతములను సాధారణ కోర్టుల పరిధినుండి తొలగించిరి. అచ్చట కలెక్టరే గవర్నరు ఏజెంటుగా న్యాయవిచారణయు జరిపెడివాడు. "ఏజెన్సీ" అను పేరు ఇట్లే వచ్చినది.

ఆ చరిత్ర ఛాయ నేటికిని కలదు. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరుల పరము కాకుండ 1959 నాటి 1వ రెగ్యులేషను, దానికి 1970లో జరిగిన సవరణ కాపాడుచున్నవి. అట్టి భూమి తగవులను రెవెన్యూ శాఖకు చెందిన ఏజెన్సీ అధికారులు విచారింతురు. కావున పాడేరు, అరకు ప్రాంతముల సభ్యులు భూమి విషయమై మైదానపు సివిల్ కోర్టుకు పోవుటకు ముందు, ఆ భూమి షెడ్యూల్డు ప్రాంతములోనిదా కాదా అని చూచుకొనవలెను. 2022 ఏప్రిల్ 4న పూర్వపు జిల్లానుండి అల్లూరి సీతారామరాజు, అనకాపల్లి జిల్లాలు ఏర్పడినవి. రెవెన్యూ జిల్లా మారినంతమాత్రమున కోర్టు పరిధి తనంతట తాను మారదు. ఆ సంగతి కోర్టు కార్యాలయమున విచారించుట మంచిది.

హైకోర్టు మారిన తీరు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినను, కొన్ని నెలలు మద్రాసు హైకోర్టే మనకు హైకోర్టుగా ఉండెను. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ప్రారంభమైనది. శ్రీ కోకా సుబ్బారావు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించగా హైకోర్టు హైదరాబాదునకు తరలినది. రాష్ట్ర విభజన అనంతరము 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో పనిచేయుచున్నది. విశాఖ జిల్లా కోర్టులపై పర్యవేక్షణ అమరావతి హైకోర్టుదే.

రెండు ప్రభుత్వములు, ఒకే న్యాయస్థానము

మనకు కేంద్రప్రభుత్వము, రాష్ట్రప్రభుత్వము అని రెండు కలవు. చట్టములును రెండు రకములు. మరి కోర్టులును రెండు రకములు కావలదా అని కొందరు సందేహింతురు. అమెరికాలో అట్లే కలదు. అక్కడ 1789లో చేసిన చట్టముతో కేంద్రప్రభుత్వమునకు వేరుగా జిల్లా కోర్టులు ఏర్పడినవి. నేడు అట్టి జిల్లాలు 94 కలవు. ఆయా రాష్ట్రముల కోర్టులు వేరు.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ మార్గమును అవలంబింపలేదు. కేంద్ర చట్టమునైనను, రాష్ట్ర చట్టమునైనను ఒకే కోర్టు అమలుజరుపును. విశాఖ జిల్లా జడ్జి ఉదయము పార్లమెంటు చేసిన చట్టముక్రింద కేసును, మధ్యాహ్నము శాసనసభ చేసిన చట్టముక్రింద దావాను విచారింపవచ్చును. కేంద్ర చట్టముల అమలుకు అదనపు కోర్టులు నెలకొల్పు అధికారము 247వ అధికరణముక్రింద పార్లమెంటునకు కలదు. కేంద్ర ఉద్యోగుల లంచగొండితనము వంటి సి.బి.ఐ. కేసుల విచారణకు విశాఖలో ప్రత్యేక న్యాయస్థానము కలదు. అయినను అచ్చటి న్యాయాధికారియు హైకోర్టు అదుపులోనివాడే.

జిల్లా జడ్జిని హైకోర్టును సంప్రదించి గవర్నరు నియమించును. క్రింది కోర్టులన్నింటిపై అదుపు 235వ అధికరణము ననుసరించి హైకోర్టుది. కలెక్టరుగాని, మంత్రిగాని, ఇట్లు తీర్పు చెప్పుమని జడ్జిని ఆదేశింపలేరు. కావున "కోర్టు కేసును పై అధికారులతో మాట్లాడి సరిచేయింతును" అని ఎవరైన డబ్బడిగినచో వానిని నమ్మరాదు.

నేటి నిర్మాణము

సివిల్ తగవులకు 1972 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ కోర్టుల చట్టము ఆధారము. పూర్వపు జిల్లా మునసబే నేటి జూనియర్ సివిల్ జడ్జి. సబు జడ్జియే సీనియర్ సివిల్ జడ్జి. వారిపై జిల్లా జడ్జి. దావా విలువనుబట్టి ఏ కోర్టులో వేయవలెనో నిర్ణయమగును. డిక్రీపై జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 దినములు, హైకోర్టునకు 90 దినములు.

నేరముల విషయమున 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము రెండవ తరగతి మేజిస్ట్రేటు ఒక సంవత్సరము వరకు, మొదటి తరగతి మేజిస్ట్రేటు మూడు సంవత్సరముల వరకు, చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటు ఏడు సంవత్సరముల వరకు జైలుశిక్ష విధింపవచ్చును. సెషన్సు జడ్జి చట్టమునందున్న ఏ శిక్షనైనను విధింపవచ్చును. మరణశిక్షను మాత్రము హైకోర్టు ఖాయపరచవలెను. సివిల్ తగవులు విచారించునపుడు జిల్లా జడ్జి యనియు, ఘోర నేరములను విచారించునపుడు సెషన్సు జడ్జి యనియు పిలువబడు అధికారి ఒక్కరే.

కలెక్టరును మేజిస్ట్రేటు అందురు గదా అని అడుగవచ్చును. 1974 ఏప్రిల్ 1న అమలుకు వచ్చిన క్రిమినల్ ప్రొసీజరు కోడు ఈ విషయమును తేల్చివేసినది. నేరవిచారణ జుడీషియల్ మేజిస్ట్రేట్లది. కలెక్టరు, తహసీలుదారు వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లు ప్రధానముగా శాంతిభద్రతల విషయమున ఉత్తర్వులు చేయుదురు. 1816లో కలిసిపోయిన రెండు అధికారములు ఇట్లు మరల విడివడినవి.

ఇపుడు వలల తగవునకు వత్తము. వల చెల్లునా చెల్లదా అనునది 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట క్రమబద్ధీకరణ చట్టమునకు సంబంధించినది. దానికై మత్స్యశాఖ అధికారులను ఆశ్రయింపవలెను. పడవ తగులబెట్టుట నేరము. పోలీసుస్టేషను ద్వారా అది మేజిస్ట్రేటు కోర్టుకు, అవసరమైనచో సెషన్సు కోర్టుకు పోవును. నష్టపరిహారము సివిల్ కోర్టు విషయము. ఒకదానికై వేరొక ద్వారమున నిలిచినచో కాలము వృథా యగును.

ఓడ తగిలి పడవ మునిగినచో

తీరవాసులు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన దొకటి కలదు. పెద్ద ఓడ తగిలి పడవ పగిలినను, ప్రాణనష్టము జరిగినను, ఓడపై దావా జిల్లా కోర్టులో కాదు, హైకోర్టులో వేయవలెను. 2017లో చేయబడి 2018 ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చిన అడ్మిరాల్టీ చట్టము ఈ అధికారమును తీరరాష్ట్రముల హైకోర్టులకు ఇచ్చినది. ఓడను రేవులోనే నిలిపివేయుమని హైకోర్టు ఉత్తర్వు చేయవచ్చును.

ఈ విషయమున విశాఖ రేవునకు చరిత్రలో స్థానము కలదు. "ఎం.వి. ఎలిజబెత్" అను విదేశీ ఓడ 1984 ఫిబ్రవరిలో గోవాలోని మార్మగోవా రేవునుండి సరుకుతో వెడలిపోయినది. సరుకు అప్పగింత విషయమై తగవు వచ్చినది. అదే సంవత్సరము ఏప్రిలులో ఆ ఓడ విశాఖ రేవునకు రాగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుపై దానిని నిలిపివేసిరి. ఇట్టి అధికారము బ్రిటిషు కాలపు చట్టము ననుసరించి ఈ హైకోర్టునకు లేదని ఓడవారు వాదించిరి. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, హైకోర్టునకు అధికారము కలదని తీర్పుచెప్పినది. అయితే రేవు విడిచిన ఓడను పట్టుట కష్టము. కావున ప్రమాదము జరిగినవెంటనే తీరరక్షక పోలీసులకు, మత్స్యశాఖకు తెలుపవలెను. ఓడపేరు, సమయము, స్థలము వ్రాసి ఉంచుకొనవలెను.

ఖర్చు లేని దారి

కోర్టులో ఓడినవాడు అక్కడ ఏడ్చిన, గెలిచినవాడు ఇంటికివచ్చి ఏడ్చెనని మనవారు చెప్పుకొందురు. ఈ దుఃఖమును తగ్గించుటకే 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలుకు వచ్చినది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు జిల్లా జడ్జియే అధ్యక్షుడు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు, నిర్బంధములోనున్నవారికి, తుఫాను వంటి విపత్తులలో నష్టపడినవారికి, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికి ఉచితముగా వకీలును ఇత్తురు. 15100 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

లోక్ అదాలత్‌లో ఇరుపక్షములు రాజీపడినచో ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కోర్టులోనున్న దావా అట్లు పరిష్కారమైనచో చెల్లించిన కోర్టు ఫీజు తిరిగివచ్చును. 2008 నాటి గ్రామ న్యాయాలయముల చట్టము 2009 అక్టోబరు 2న అమలుకు వచ్చినది. రాష్ట్రప్రభుత్వము హైకోర్టును సంప్రదించి ఏర్పరచినచోట, న్యాయాధికారి గ్రామములకే వచ్చి చిన్న తగవులను విచారించును.

సభ్యులు గుర్తుంచుకొనవలసినవి

1. రాజీ చేయుట మంచిపని. శిక్షించుట పంచాయతీ పని కాదు. ఊరి పెద్దలుగాని, కులపెద్దలుగాని జరిమానాలు, వెలివేతలు విధించుట చట్టసమ్మతము కాదు. యుక్తవయస్కుల వివాహమును అడ్డుకొను అధికారము ఏ కులసభకును లేదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది.

2. కాలపరిమితి మరువరాదు. చేబదులు, ప్రామిసరీనోటు వంటి బాకీలకు సాధారణముగా మూడు సంవత్సరములు, స్థిరాస్తి స్వాధీనమునకు పండ్రెండు సంవత్సరములు గడువు. ఆక్రమణకు గురియైన గ్రామవీధి స్వాధీనమునకు పంచాయతీ ముప్పది సంవత్సరములలోపల దావా వేయవచ్చును. ప్రభుత్వముపై దావాకు సాధారణముగా రెండు నెలల ముందు నోటీసు ఇయ్యవలెను.

3. నేరము ఎచ్చట జరిగినను ఏ పోలీసుస్టేషనులోనైనను తెలుపవచ్చును. ఫిర్యాదిదారునకు ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితముగా ఇయ్యవలెను. స్టేషనులో తీసికొననిచో జిల్లా పోలీసు అధికారికి వ్రాసి పంపవచ్చును. అప్పటికిని ఫలితము లేనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును.

4. ఘోర నేరములను, స్త్రీలపై, పిల్లలపై జరిగిన అత్యాచారములను రాజీ పేరిట కప్పిపుచ్చరాదు. అవి కోర్టు తేల్చవలసినవి.

5. సమను వచ్చినపుడు తీసికొనకుండ తప్పించుకొనుమని ఎవరికిని సలహా ఇయ్యరాదు. ప్రతివాది హాజరు కానిచో కోర్టు ఏకపక్షముగా డిక్రీ ఇయ్యవచ్చును.

కోర్టు మెట్లెక్కుట వైరమునకు గుర్తు కాదు. ప్రతి పౌరునకు రాజ్యాంగమిచ్చిన హక్కు అది. ఒకనాడు మచిలీపట్నము పోయినగాని దొరకని న్యాయము నేడు జిల్లాకేంద్రమున, అనేక పట్టణములందు లభించుచున్నది. ఆ ద్వారము ఎక్కడ కలదో, ఎంత గడువులోపల తట్టవలెనో తన ఊరివారికి తెలియజెప్పగల సభ్యుడు, తాను తీర్పు చెప్పకయే ఊరికి న్యాయము చేకూర్చినవాడగును.