స్టేషను ముంగిట చిరువ్యాపారి

సికందర్ జా పేరిట 1806లో వెలసిన సికింద్రాబాదును పోషించినవి కంటోన్మెంటు, 1874లో వచ్చిన రైలు. వాటి నీడలోనే కూలీలు, తోపుడుబండ్లవారు బ్రతుకుదెరువు వెతుక్కొన్నారు.

ఈ స్టేషను పునర్నిర్మాణానికి 2023లో శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం సుమారు 720 కోట్ల రూపాయలు. సేవాసంఘాల సభలలో ఇట్టి పథకాలను చర్చించేటప్పుడు ఒక ప్రశ్న అడగవలసి ఉంది: తోపుడుబండికి చోటెక్కడ?

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే జరిపి, ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. టౌన్ వెండింగ్ కమిటీ సభ్యులలో నూటికి 40కి తగ్గకుండా వారి ప్రతినిధులే ఉండాలి. కాని రైల్వే స్థలాలకు ఈ చట్టం వర్తించదు. గేటు లోపల లేని రక్షణను బయటి వీధిలోనైనా నిలపడం పౌరుల కర్తవ్యం.

విద్యార్థులారా! దరఖాస్తు నింపలేని వ్యాపారికి మీ అక్షరజ్ఞానం తోడు కావాలి.