పదహారేళ్ళ లక్ష్యం

సమస్య: పదహారేళ్ళ కొడుకు కాలేజీ ఎగ్గొట్టి, తెలిసినవాళ్ళ బండి మీద ముగ్గురేసి భద్రాచలం తిరుగుతున్నాడని చర్ల మండలంలోని ఒక గూడెం నుంచి తండ్రి రాశారు. గుట్కా, తాగుడు మొదలయ్యాయి. ఈమధ్య ఒక కొట్లాటలోనూ ఉన్నాడు. తునికాకు, మిర్చి కోతలతో బతికే ఇల్లు. ‘ఏమవుతావురా’ అంటే పలకడు. లక్ష్యం లేకనే చెడిపోతున్నాడా అన్నది ఆయన సందేహం.

సలహా: ఈ వయసులో లక్ష్యం లేకపోవడం అరుదు. అది పెద్దలు ఆశించిన లక్ష్యం కాకపోవచ్చు, అంతే. ఆస్ట్రేలియాలో ఎనిమారీ కారల్, సహ పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం నేరాల్లో చిక్కుకున్న పిల్లలు స్వేచ్ఛకు, తప్పుడు పనులతో వచ్చే పేరుకు ఎక్కువ విలువ ఇచ్చారు. మిగతా పిల్లలు చదువుకు, మనుషులతో సంబంధాలకు ఇచ్చారు. ఒళ్ళు ఎదుగుతుంది, పెద్దరికం మాత్రం చేతికి రాదు. ఆ ఎడాన్ని పూడ్చుకోవడానికే చాలామంది దారి తప్పుతారని, బాధ్యతలు వచ్చాక ఎక్కువమంది మానేస్తారని మనస్తత్వవేత్త టెరీ మాఫిట్ 1993లో వాదించారు. బండి, గుట్కా, కొట్లాట పెద్దవాడినయ్యానని చాటుకునే చవక దారులు.

అదే చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, తోటి విద్యార్థిని మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కాడు. ‘వాణ్ణి చూసి నేర్చుకో’ అంటే మాత్రం ఏ పిల్లవాడికైనా ఒళ్ళు మండుతుంది. చూడాల్సింది శిఖరాన్ని కాదు, శిక్షణ సాగిన వరసను: ముందు భువనగిరి బండ, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్. అక్కడా ప్రమాదం ఉంది, పేరు ఉంది. కాకపోతే పక్కన శిక్షకుడున్నాడు, ఒక మెట్టు ఎక్కాకే రెండోది.

ఈ ఇంట్లో మొదటి మెట్టు తునికాకు కల్లమే కావచ్చు. కట్టకు 50 ఆకులు. ఎన్ని కట్టలు వేశారు, ఎంత రావాలి అన్న లెక్క పిల్లవాడికే అప్పగించాలి, పైన మళ్ళీ సరిచూడకూడదు. బండి మీద అంత మోజుంటే ఐటీఐలో మెకానిక్ ట్రేడు గురించి మాట్లాడవచ్చు. తాళం మాత్రం ఇవ్వకూడదు: 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు తండ్రి మీదికో బండి యజమాని మీదికో వస్తాయి. ఈ సంగతి బండి ఇచ్చేవాళ్ళకూ చెప్పాలి.

తాగుడు రోజువారీ అయినా, చచ్చిపోతానన్న మాట వినిపించినా ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.